అద్దంలో కుడి చెయ్యి

“అక్‌ప్లె ముద్దలు కట్టింది,” అంది మా అత్తయ్య, గిన్నెలోంచి కొంచెం తుంచి వేళ్ల మధ్య నలుపుతూ. ఆ మొక్కజొన్న సంకటి ఉడుకుతుంటే కొయ్య తెడ్డును రెండు చేతులతో, ఒంటి బరువంతా వేసి తిప్పాలి. ప్రమాదం జరిగినప్పటి నుంచి, ఎనిమిది నెలలుగా, నాకు ఒక్క ఎడమ చెయ్యే పనికొస్తోంది. కుడిదాని ఎముక ఎప్పుడో అతికింది. అయినా దుప్పటి అంచు తగిలితే చాలు, కాగిన నూనె పడ్డట్టు ఉంటుంది. “ఎక్స్‌రే బాగుందన్నారుగా అక్‌పెనె, మరి నొప్పెక్కడిది?” అని అడుగుతాడు నా భర్త, పేరు సెనాను. కోపంగా అడగడు, లెక్క తేలని మనిషిలా అడుగుతాడు. పాప ఉన్నప్పుడు నన్ను “సిత్సోఫె వాళ్లమ్మా” అని పిలిచేవాడు.

హో పట్నంలో నాలుగో తరగతికి పాఠాలు చెబుతాను. ఎడమ చేత్తో బోర్డు మీద రాస్తే అక్షరాలు ఒరిగిపోతాయి, పిల్లలు నవ్వరు. రెండో తరగతి గది ముందు నుంచి మాత్రం వెళ్లను. అది మా సిత్సోఫె గది. ట్రోట్రో వ్యాను కొండ దిగుతూ పల్టీ కొట్టిన రోజు పాప నా కుడి పక్కన కిటికీ దగ్గర కూర్చుంది. తలుపులు ఊడిపోయాయి. నేను బండిలోనే ఉన్నాను, అది లేదు. పరామర్శకు వచ్చినవాళ్లతో అత్తయ్య అనేది: “పక్కనే ఉందట. చెయ్యి పట్టుకుని ఉంటే...” ఆ వాక్యాన్ని ఆమె ఎప్పుడూ ముగించలేదు. మిగతాది రోజూ నేనే పూరించుకునేదాన్ని.

ఫిజియోథెరపిస్టు ఎడినామ్ నాకంటే చిన్నది. మొదటి రోజు చెయ్యి ముట్టుకోలేదు. చేతుల ఫొటోలున్న కార్డులు పరిచి, “ఇది కుడా, ఎడమా?” అని అడిగింది. నలభైలో పదిహేడు తప్పు చెప్పాను. ఒకప్పుడు ఒకటో తరగతి పిల్లలకు నేను నేర్పిన పాఠమే అది.

“నొప్పి నిజమే మేడమ్. కాకపోతే మీ మెదడులో ఆ చేతి బొమ్మ చెరిగిపోయింది. మెల్లగా మళ్లీ గీయాలి. ముందు కార్డులు, తర్వాత కదల్చకుండానే కదిల్చినట్టు ఊహించడం, ఆఖర్న అద్దం. తొందరపడితే మళ్లీ మొదటికొస్తాం,” అంది.

గంట గంటకూ పది నిమిషాలు చేయమంది. పది నిమిషాలు ఊరికే కూర్చున్న ఆడమనిషిని మా ఇంట్లో జ్వరాలప్పుడు తప్ప ఎవరూ చూడలేదు. కార్డులు తిప్పుతుంటే, “పేకాట మొదలెట్టావా?” అని అత్తయ్య. ఊహించడానికి కళ్లు మూసుకుంటే, “నా చొక్కాలు అలాగే ఉన్నాయి,” అని సెనాను. చివరికి సాయంత్రాలు బడిలోనే ఆగిపోయి చేసేదాన్ని. గ్లాసు పట్టుకున్నట్టు ఊహించగలిగాను, సుద్దముక్క కూడా. ఒకరోజు మాత్రం నా ఊహలో ఆ వేళ్లు ఇంకేదో మెత్తని దాని చుట్టూ మూసుకున్నాయి. వెంటనే చెయ్యి ఎర్రబడి వాచింది. “ఏం పట్టుకున్నారు మేడమ్?” అని ఎడినామ్ అడిగితే, సుద్దముక్క అని చెప్పాను.

అద్దం దాకా వచ్చేసరికి మరో మూడు నెలలు గడిచాయి. ఆ ఆదివారం బల్ల మీద అద్దం నిలబెట్టి, కుడి చేతిని దాని వెనక దాచి, ఎడమ పిడికిలి తెరిచి మూస్తున్నాను. అద్దంలో నా కుడి చెయ్యి నొప్పి లేకుండా ఆడుతోంది. నా భుజం వెనక నిలబడి సెనాను చూస్తున్నాడని నాకు తెలియదు.

“అమ్మా, ఇటు రా, చెయ్యి కదులుతోంది!”

“నేను చెప్పలేదూ? కదపాలనుకుంటే కదులుతుంది,” అంది అత్తయ్య.

“అది నీడ సెనానూ. ఆడుతున్నది ఎడమ చెయ్యి.”

“ఏదైతేనేం, ఆడుతోందిగా. పాప ఏడాది ప్రార్థనకి అందరూ వస్తున్నారు. తల్లివి, మొదటి కుర్చీ నీదే. ఒక్క పూట పళ్లు బిగించుకో,” అన్నాడు.

మా వాళ్లలో వరుసగా కూర్చున్న దుఃఖితుల చేతులు వచ్చినవాళ్లు ఒక్కొక్కరూ అందుకుంటూ పోతారు. కుడి చేతులే. ఎడమ చెయ్యి చాపితే ఎదుటివాళ్లను చులకన చేసినట్టు. రెండు వందల మంది వస్తారు.

“రెండు వందల మంది పట్టుకుని ఊపితే కార్డుల దగ్గర కూడా మిగలం,” అంది ఎడినామ్, ఆ గురువారం. చుట్టగా చుట్టిన తువ్వాలు నా ఎడమ చేతికి ఇచ్చి, అద్దంలోకే చూస్తూ పిడికిలి మూయమంది. మూశాను. “ఇప్పుడు వదలండి.” అద్దంలో కుడి చెయ్యి మూసుకునే ఉంది. “వదలండి మేడమ్.” అప్పుడు చెప్పాను, ఆ రోజు ఊహలో నేను పట్టుకున్నది సుద్దముక్క కాదు, పాప చెయ్యి అని.

ఆమె నా ఫైలు తెరిచి చాలాసేపు చదివింది. “ఎముక మెలితిరిగి విరిగింది. నేను అక్కడ లేను, ఒట్టేసి చెప్పలేను. కానీ దేన్నో వదలకుండా పట్టుకున్న చెయ్యి ఇలా విరుగుతుంది.”

ఇంటికి నడిచే వెళ్లాను. రెండో తరగతి గది ముందు నుంచి.

ప్రార్థన రోజు తెల్ల బట్టల్లో మొదటి కుర్చీలో కూర్చున్నాను. కుడి చెయ్యి ఒడిలో ఉంది. ముందుగా వచ్చినాయన సెనాను పెద్దనాన్న, వంశంలో అందరికన్నా పెద్ద. చెయ్యి చాపాడు. “ఇవ్వు,” అని పక్క కుర్చీలోంచి అత్తయ్య గొణిగింది. ఎడమ చెయ్యి చాపి, “ఇది ఎడమ చెయ్యి అండీ,” అన్నాను. తప్పనిసరైనప్పుడు మావాళ్లు అనే మాటే. “అదీ చెయ్యే,” అని ఎదుటివాళ్లు జవాబివ్వాలి. ఆయన ఆ మాట అనలేదు. వెనక వరుస ఆగిపోయింది.

“ఆ కుడిదానికేం రోగం?” అంది అత్తయ్య, ఈసారి అందరికీ వినిపించేలా.

“పట్టుకునే ఉన్నానత్తయ్యా,” అన్నాను. “అందుకే విరిగింది.”

సెనాను తల వంచుకున్నాడు. పెద్దాయన ఇంకా నా వైపే చూస్తున్నాడు. నేను చెయ్యి వెనక్కి తీసుకోలేదు.