ఊ కొట్టే జన్యువు

కాదు, వెలుగు ఇంకాస్త తగ్గిస్తేనే బాగా కనిపిస్తాయి, ఎక్కువైతే కణాలూ మనుషుల్లాగే మొహం తిప్పుకుంటాయేమో, ఈ చీకటి గదిలో సూక్ష్మదర్శిని ముందు కూర్చుంటే నాకెంత హాయిగా ఉంటుందో ఎవరికీ చెప్పను, చెబితే అక్క, ఈ ప్రయోగశాలలో నాకంటే ముందు చేరినావిడ, పెళ్లికొడుకుని చూసినట్టు చూస్తావే వాటిని అంటుంది, అననీ, కుడి గిన్నెలో ఉన్నవి మామూలు కణాలు, ఎడమ గిన్నెలోవి మేం పరిశోధిస్తున్న జన్యువు పనిచేయకుండా దాని నోరు నొక్కేసినవి, పెరగమని చెప్పే మందు ఒక్క చుక్క వేస్తే రెండూ పచ్చగా వెలుగుతాయి, కుడివి కాసేపటికి ఆరిపోతాయి, ఎడమవి మాత్రం మిణుకుమిణుకుమంటూనే ఉంటాయి, ఇంకేముంది, ఈ జన్యువు బ్రేకు, అది లేకపోతే బండి ఆగడం లేదు, పత్రికకి వ్యాసం రేపు పంపేద్దాం, ఏమంటావమ్మా అని నిన్న మా ప్రయోగశాల నడిపే మేడమ్ అడిగారు, నేను ఊ అన్నాను.

ఎందుకన్నానో, మా ఇంట్లో ఊ అంటే వింటున్నానని, మేడమ్ లెక్కలో సరేనని, నేను ఆలోచించుకుని తల ఎత్తేసరికి ఆవిడ వెళ్లిపోయారు, బళ్లోనూ ఇంతే, జవాబు సిద్ధం చేసుకుని చెయ్యెత్తేలోపు గంట కొట్టేసేవారు, అప్పుడైతే పోయేది ఒక్క మార్కే, ఇప్పుడు తప్పు మాట మా ఇద్దరి పేర్లతో లోకం మీదికి పోతుంది, మనసొప్పక పొద్దున్నే రెండో చుక్క వేసి చూశాను, కుడివి మళ్లీ పచ్చగా వెలిగాయి, ఎడమవి ఆ పాత మగత వెలుగులోనే ఉండిపోయాయి, ఉలుకూ లేదు పలుకూ లేదు, బ్రేకు లేని బండైతే మళ్లీ తొక్కగానే ఇంకా దూకాలి కదా, ఇదేమిటి ఈ నిద్రమొహం, మందు పాడైందేమోనని కొత్తది కలిపి, కొత్త కణాలతో మొదటినుంచీ చేశాను, మళ్లీ అంతే.

ఎడమ గిన్నెని చూస్తుంటే నవ్వొచ్చింది, అమ్మమ్మ కథ చెప్పేటప్పుడు నేను ఊ కొట్టడం మానేస్తే కథ కూడా ఇలాగే ఉన్నచోటే ఉండిపోయేది, రాజు గడప దగ్గరికి వచ్చాడు, వచ్చాడా, వచ్చాడు, ఏమే వింటున్నావా, నువ్వు ఊ అనకపోతే రాజు గడప దాటడే పిచ్చిమొహమా, పాపం కాళ్లు పీకుతున్నాయి అతనికి అనేది, ఒక్క ఊ అంటే చాలు, రాజు లోపలికి, కథ ముందుకి, అవునూ, ఊ అంటే ఆ మాట అందింది, ఇంకో మాట చెప్పమని కదా, ఇంతలో తలుపు సందులోంచి అక్క, మీ బ్రేకు ఊరేగింపుకి బయల్దేరుతోందే, మేడమ్ పంపించేస్తున్నారు, అంది, అది బ్రేకు కాదక్కా, అన్నాను, ఓయమ్మో, గోడకి నోరొచ్చింది, నాతో కాదు తల్లీ, పరుగెత్తు.

పరుగెత్తాను, చేతి తొడుగులు కూడా తీయలేదు, మేడమ్, ఆగండి, రెండో చుక్కకి అవి పలకడం లేదు, అన్నాను, నా గొంతు ఇంత పెద్దదా, ఆవిడ కళ్లజోడు తీసి చూశారు, నిన్న ఊ అన్నావుగా, విన్నానని మేడమ్, ఒప్పుకున్నానని కాదు, ఆవిడ కుర్చీ కిర్రుమనేలా నవ్వారు, నీ ఊకి వేరే నిఘంటువు కావాలమ్మా, మంచిపని చేశావు, కూర్చో, పంపడం ఆగుతుందిలే, బ్రేకు కాకపోతే మరేం చేస్తుందది, అని అడిగారు, నేను కూర్చున్నాను, భయం ఎటు పోయిందో తెలియదు, కణం మందు చెప్పిన మొదటి మాటనే పట్టుకుని వేలాడకుండా, దాన్ని లోపల సర్దేసి, వాకిలి ఖాళీ చేసి పెట్టే పని అది, ఆపడానికి కాదు మేడమ్, మళ్లీ వినడానికి.