పువ్వు ముడుచుకునే లోపు

పురుగుమందు తడి ఇంకా ఆరని పుచ్చతీగల మధ్య కోడలు కుప్పకూలింది. నోటి వెంట నురగ. మేస్త్రి పరుగున వచ్చి ఆమె చేతిలోని కుంచె లాక్కుని పక్క సాలులో ఉన్నామెకు అందించాడు.

"మొహాన నీళ్లు కొట్టి గట్టున పడుకోబెట్టండి. పది దాటితే పువ్వు ముడుచుకుపోతుంది!"

అత్తగారు ఆ మాట విన్నది. తోటలో అందరికీ ఆమె పెద్దత్తే. మగపువ్వు పుప్పొడిని కుంచెతో తీసి ఆడపువ్వుకు అద్దే పని నలభై మంది ఆడవాళ్లకు చేయిపట్టి నేర్పింది ఆమే. మూడేళ్ల కిందట మందు దెబ్బకు తేనెటీగలు కుప్పలుగా రాలినప్పుడు, "పోతే పోయాయిలే, వాటి పని మనకు మిగిలింది" అని సంబరపడిందీ ఆమే. కోడలి తల ఒళ్లో పెట్టుకున్నాక ఆ సంబరానికి సిగ్గుతో చచ్చిపోయింది. తన కుంచెను పటుక్కున విరిచింది.

"చాలు, బయటికి రండే అందరూ!"

కోడలిని ఆసుపత్రికి పంపి, అందరూ పంపుసెట్టు గది ముందు చేరారు. మందు కొట్టే మనిషి వీపు మీది డబ్బా దించేశాడు.

"పూత మీద కొడితే తేనెటీగ బతకదని యజమానికి తెలుసు. పురుగుల్ని తినే పిట్టలూ పోయాయి. అందుకే ఏటేటా చీడ పెరుగుతోంది, మందూ పెరుగుతోంది."

"అయితే పూత మీద మందు కొట్టొద్దు. అదే అడుగుదాం" అంది పెద్దత్త.

"నీకేం, అడుగుతావు! ఈగలు తిరిగొస్తే మన నోటికాడి కూడు పోదూ?" ఒకామె గయ్యిమంది.

"ముందు ఈగ పోయింది, తర్వాత పిట్ట. ఇవాళ నా కోడలు పడింది. రేపు ఎవరి వంతో నువ్వే చెప్పు! ఈగలొచ్చినా, కలుపు తియ్యాలన్నా కాయ కొయ్యాలన్నా మనమేగా దిక్కు. ఈగ మనకు పోటీ కాదే, మన తోటి కూలీ. దాన్ని చంపినవాడే మనల్నీ చంపుతున్నాడు."

గయ్యిమన్నామె తన కుంచె తెచ్చి పెద్దత్త ముందు పడేసింది. మిగతావాళ్లూ పడేసి, పూత మీద మందు ఆపేదాకా కుంచె పట్టేది లేదని మేస్త్రికి తేల్చి చెప్పారు. ఎండెక్కింది. ఎకరాల కొద్దీ పువ్వులు పిందె కట్టకుండానే ముడుచుకున్నాయి. యజమాని పోలీసులను వెంటేసుకొచ్చి పెద్దత్తను జీపెక్కించాడు.

"ఆ పువ్వుల్ని కూడా ఎక్కించుకో అయ్యా, స్టేషన్‌లో పిందె కడతాయేమో!" అని ఆమె నవ్వింది.

మర్నాడు పొద్దున్నే, వీళ్ల బదులు కుంచె పట్టడానికి పక్క తోట నుంచి లారీ నిండా ఆడకూలీలు దిగారు. ఆసుపత్రి నుంచి నేరుగా వచ్చిన కోడలు వాళ్లకు ఎదురు నిలిచింది.

"నేను పడింది ఈ సాలులోనే అక్కా. ఆ ఆకు వాసన చూడండి. తర్వాత మీ ఇష్టం."

ముందున్నామె ఆకు తుంచి చూసి విసిరికొట్టింది. "మా తోటలోనూ ఇదే కంపు. మాలో ఇద్దరికి చూపు పోయింది."

ఆమె గట్టున చతికిలబడింది. లారీలో వచ్చినవాళ్లంతా ఆమె పక్కన కూర్చున్నారు. మేస్త్రి అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నాడు.

"మా తోటకొచ్చి ఈ మాటే చెప్తావా, చెల్లీ?"

"వస్తాను. ముందు మా అత్తను తెచ్చుకోవాలి."

"పద మరి, మేమూ వస్తాం."

రెండు తోటల ఆడవాళ్లూ కలిసి పోలీస్ స్టేషన్ దారి పట్టారు.