స్కొలాస్తిక వాయించిన ఆ వారం

నేను ఒక హార్మోనియాన్ని. నాటకాల వాళ్లు నన్ను "పెట్టె" అనేవారు. గుడికి వచ్చే ముసలమ్మలు "ఆర్మోని" అంటారు. పేరు ఏదైనా నా పని ఒకటే. ఎవరైనా ఎడమచేత్తో తిత్తి ఆడిస్తే గాలి పీల్చుకుంటాను, కుడిచేత్తో ఏ మెట్టు నొక్కితే ఆ స్వరం పలుకుతాను. నాకై నేను ఒక్క స్వరం కూడా పలకలేను. అందువల్లనే కాబోలు, నా మీద ఎవరి వేళ్లు ఉంటే వాళ్ల సంగతి నాకు బాగా తెలిసిపోతుంది.

కలకత్తాలో ఒక ఇరుకు సందులో నన్ను తయారుచేశారు. టేకు చెక్క, మేకతోలు, గాలికి అదిరి పలికే ఇత్తడి రీడ్లు. నన్ను చేసిన మనిషి ఒక్కొక్క రీడును ఆకురాయితో గీకి, మీటి, చెవి ఒగ్గి విని, మళ్లీ గీకేవాడు. అలా పుట్టి, రైలెక్కి తెనాలి వచ్చి ఒక నాటక సమాజంలో పడ్డాను. పాతికేళ్లు రాజుల ఏడుపుకీ రాక్షసుల నవ్వుకీ శ్రుతి పట్టాను. ముల్లోకాలూ గెలిచిన మహారాజు తెర వెనక్కి వచ్చి అగ్గిపెట్టె కోసం అందరినీ బతిమాలడం చూశాను. సమాజం మూతపడ్డాక, ఊళ్లో కతోలిక విచారణ గుడికి, అంటే ఆ చుట్టుపక్కల కతోలికులందరి గుడికి, పెద్దగా ఉన్న విదేశీ ఫాదర్ గారు నన్ను తెచ్చుకున్నారు. మొదటిరోజే తీర్థం చల్లి ఆశీర్వదించారు. నా గతాన్ని కడిగేద్దామనుకున్నారేమో. స్వరాలు మాత్రం అవే మిగిలాయి.

ఆ గుడిలో నన్ను చాలామంది వాయించారు. చెప్పుకోవలసింది స్కొలాస్తిక గురించి.

గుడి పక్కనే సిస్టర్లు నడిపే ఆడపిల్లల కాలేజీ, దానికి హాస్టలు ఉన్నాయి. స్కొలాస్తిక అక్కడ బీఎస్సీ రెండో సంవత్సరం. పల్నాడులో మిరప పండే కుంకలగుంట పక్క పల్లె ఆమెది. స్కొలాస్తిక అన్న పేరు లెక్చరర్లకు నోరు తిరగక "నలభై ఒకటీ" అని నంబరుతో పిలిచేవారు. ఆమె కూడా "ఎస్ మేడమ్" అని పలికేది. ఆ ఒక్క మాటతో రోజు గడిచిపోయిన సందర్భాలు ఉన్నాయి.

ఆమెను కాలేజీలో చేర్చడానికి వచ్చిన రోజున వాళ్ల నాన్నను చూశాను. పేరు ఇన్నయ్య. వాళ్ల పల్లెలో ఉపదేశి. అంటే ఫాదర్ గారు రాని రోజుల్లో ప్రార్థనలు నడిపి, పిల్లలకు జపాలు నేర్పి, చావు ఇంటికి మొదట వెళ్లే మనిషి. ఆయన ట్రంకుపెట్టె గుడి గుమ్మంలో దించి, నేరుగా నా దగ్గరకొచ్చి మూత తీశాడు. రెండు మెట్లు నొక్కి చూసి, "మంచి పెట్టె తల్లీ, దీన్ని వదలమాక" అన్నాడు కూతురితో. మరుసటి ఏడు ఫిబ్రవరిలో ఆయన పోయాడు. స్కొలాస్తిక ఊరెళ్లి పదిరోజుల తర్వాత తిరిగొచ్చింది. ఆ జూన్‌లో హాస్టల్ వార్డెన్ సిస్టరూ విచారణ ఫాదరూ బదిలీ మీద వెళ్లిపోయారు. గదిలో తోడున్న అమ్మాయి చదువు పూర్తిచేసుకుని వెళ్లిపోయింది. ఇక ఆమెకు నాన్న లేడన్న సంగతి తెలిసినవాళ్లు ఆ ఆవరణలో ఎవరూ మిగల్లేదు, నేను తప్ప.

ఇక ఆ వారం.

ఆదివారం రెండు పూజలకూ వాయించింది. మధ్యలో పిల్లలకు సత్యోపదేశం చెప్పింది. సోమవారం కెమిస్ట్రీ ల్యాబ్ నుంచి పరుగెత్తుకొచ్చి గాయక బృందానికి సాధన చేయించింది. వేళ్లకు ఏదో ఆమ్లం ఘాటు ఇంకా వదల్లేదు. వచ్చే ఆదివారం బిషప్ గారు విచారణ సందర్శనకు వస్తున్నారు, కొత్త పాటలు అయిదు. అందరూ పాడి, కబుర్లు చెప్పుకుని, గుంపుగా వెళ్లిపోయారు. "వస్తావా" అని ఎవరూ అడగలేదు. నా మూత వేసేవాళ్లు ఎటూ ఉండిపోతారని వాళ్ల నమ్మకం.

మంగళవారం విచారణలో ఒక పెద్దావిడ పోయింది. నన్ను ఆటోలో ఎక్కించి, పక్కన స్కొలాస్తిక కూర్చుంది. ఒళ్లో ల్యాబ్ రికార్డు. దారి పొడుగునా ఏవో సమీకరణాలు గొణుక్కుంటూనే ఉంది. చావు ఇంట్లో రెండున్నర గంటలు వాయించింది. పోయినావిడ ఆడబిడ్డ కన్నికమ్మ శవం మీద పడి ఏడుస్తుంటే స్కొలాస్తిక తల ఎత్తలేదు. నా మెట్ల మీద నీటిచుక్క ఒకటి పడింది. ఆ పూట చావు ఇంట్లో చాలా కన్నీళ్లు రాలాయి కాబట్టి దాన్నెవరూ లెక్కచేయలేదు.

తిరిగి గుడికి వచ్చాక ఆమె కొత్త వార్డెన్ సిస్టర్ గొరెట్టిని అడిగింది.

"సిస్టర్, శనివారం సెలవు కావాలి. ఊరెళ్లాలి."

సిస్టర్ మంచి మనిషే. కాకపోతే నూట ఇరవై మంది పిల్లలు, వంటగది, బిషప్ గారి భోజనం, పూల దండలు, అన్నీ ఆమె నెత్తిమీదే ఉన్నాయి.

"ఈ శనివారమా? ఆదివారం బిషప్ గారొస్తుంటే నువ్వెళ్లిపోతే ఎలాగమ్మా? ఆర్మోని ఎవరు వాయిస్తారు? పై వారం వెళ్దువుగానిలే."

"సరే సిస్టర్."

ఎందుకని ఈవిడ అడగలేదు. ఇందుకని ఆ పిల్ల చెప్పలేదు. మనుషులకు దేవుడిచ్చిన గొంతు ఉంది చూశారూ, దాని తిత్తి ఇంకొకరు ఆడించనక్కర్లేదు. అయినా ఎవరో వచ్చి ఆడిస్తే గాని పలకని వాళ్లు ఉంటారు.

బుధవారం విభూది పండుగ. ఈస్టరుకు ముందు వచ్చే నలభై రోజుల తపస్సుకాలం మొదలు. ఫాదర్ గారు అందరి నుదుటా బూడిదతో సిలువ గీశారు. వాయించే మనిషి లైనులోకి రాలేదు కనుక చివర్లో ఆమె దగ్గరికే వచ్చి గీశారు. వంగినప్పుడు ఆ బూడిద రవ్వంత రాలి నా నల్లమెట్టు మీద పడింది. దాన్ని వేలితో తుడిచేసి పరీక్షకు పరుగెత్తింది.

గురువారం మధ్యాహ్నం భోజనం మానేసి గుడికొచ్చింది. అంతలో ఫోన్ మోగింది. అమ్మ. మిరప తోటలోంచి మాట్లాడుతోంది కాబోలు, చుట్టూ ఆడకూలీల మాటలు వినిపిస్తున్నాయి.

"నాన్న సంవత్సరీకం పూజ శనివారం సాయంత్రం అయిదింటికి పెడతామన్నారే ఫాదర్ గారు. ఎన్నింటికి బయల్దేరతావు?"

"కుదరట్లేదమ్మా. ఇక్కడ బిషప్ గారొస్తున్నారు."

"మీ సిస్టర్‌కి చెప్పావా, నాన్నకని?"

"చెప్పాను" అంది స్కొలాస్తిక.

అది అబద్ధం. ఫోన్ పెట్టేశాక నా మూత మీదే కాగితం పెట్టుకుని ఒక చీటీ రాసింది. శనివారం ఉదయం ఆరు గంటల పూజలో ఉపదేశి ఇన్నయ్య ఆత్మ కోసం ప్రార్థించాలని. చీటీని గుమ్మం దగ్గరి విన్నపాల పెట్టెలో వేసి ల్యాబ్‌కు వెళ్లిపోయింది.

శుక్రవారం ఉదయం ప్రాక్టికల్ పరీక్ష. సాయంత్రం సిలువమార్గం, అంటే యేసు సిలువ మోసిన దారిని తలుచుకునే ప్రార్థన. పద్నాలుగు స్థలాలకు పద్నాలుగు చరణాలు. జనం ఒక్కో స్థలం దగ్గర మోకరించి లేస్తూ గుడి చుట్టూ కదులుతుంటే ఆమె మాత్రం నా ముందే కదలకుండా కూర్చుని వాయించింది. తొమ్మిదో స్థలం దగ్గర ఒక స్వరం తప్పింది. ఆమె చేతుల్లో నేను తప్పు పలకడం అదే మొదటిసారి. గాయక బృందంలో ఒకమ్మాయి వెనక్కి తిరిగి చూసి నవ్వింది.

శనివారం తెల్లవారింది. ఆరు గంటల పూజకు ముప్పై మంది దాకా వచ్చారు. ఎక్కువమంది ముసలివాళ్లు, నలుగురు సిస్టర్లు. పాడే పిల్లలెవరూ లేరు. స్కొలాస్తిక ఒక్కతే నా ముందు కూర్చుని, ప్రవేశ గీతం కోసం తిత్తి ఆడించి, మొదటి మెట్టు మీద వేలు ఆనించింది. ఫాదర్ బాలశౌరి గారు కళ్లజోడు సర్దుకుని చీటీ విప్పారు.

"ఈనాటి దివ్యబలిపూజ... ఉపదేశి... అన్నయ్య గారి ఆత్మశాంతి కోసం..."

నా మెట్టు మీద వేలు బరువుగా దిగింది. తిత్తి మీది చేయి జారిపోయింది. లోపల మిగిలిన కాస్త గాలితో ఒక స్వరం బయల్దేరి, సన్నబడి, సన్నబడి ఆగిపోయింది. అప్పుడు ఆమె లేచి నిలబడింది.

"అన్నయ్య కాదు ఫాదర్."

పెద్ద గొంతేమీ కాదు. అయినా గుడంతా వినిపించింది. ఫాదర్ గారు చీటీ మీంచి తలెత్తారు.

"ఏమ్మా?"

"ఇన్నయ్య. ఉపదేశి ఇన్నయ్య. మా నాన్నండీ. ఇవ్వాళ్టికి ఏడాది."

ముందు బెంచీలో ఒక ముసలమ్మ పక్కావిడను అడగడం నాకు వినిపించింది. "ఎవురి నాయనంటా?" "ఆర్మోని పిల్ల నాయనంట." "ఓయమ్మ, ఆ పిల్ల మాట్లాడుద్దా!"

ఫాదర్ గారు కళ్లజోడు తీశారు. చీటీ మడిచి జేబులో పెట్టుకున్నారు. "క్షమించమ్మా" అని, ఈసారి ఏదీ చూడకుండా, ప్రతి అక్షరం విడివిడిగా పలికారు. "ఉపదేశి ఇన్నయ్య గారి ఆత్మశాంతి కోసం, వారి కుటుంబం కోసం ఈ పూజ సమర్పిస్తున్నాను."

స్కొలాస్తిక కూర్చుంది. వాయించాలి కదా, వేళ్లు రాలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని అలాగే ఉండిపోయింది. నేను తోడు లేకుండానే పాట మొదలైంది. మొదలుపెట్టింది కన్నికమ్మ. నాలుగు రోజుల ఏడుపుకి గొంతు బొంగురుపోయి ఉంది, శ్రుతి ఎక్కడో కింద ఉంది. మిగతావాళ్లు ఆ కిందికే దిగి ఆమెతో కలిశారు. నా జీవితంలో విన్న అపశ్రుతులన్నిటిలోనూ నేను సరిచేయాలనుకోనిది అదొక్కటే.

పూజ అయ్యాక కన్నికమ్మ వచ్చి ఆమె రెండు చేతులూ పట్టుకుంది.

"మా ఇంటికొచ్చి అంతసేపు వాయించావు. నీ గుండెలో ఇంత పెట్టుకున్నావని చెప్పకపోతివే తల్లీ!"

ఆ వెనకాల సిస్టర్ గొరెట్టి నిలబడి ఉంది.

"నాతోనన్నా చెప్పకూడదా స్కొలాస్తికా?"

"మీరు పనిలో ఉన్నారు సిస్టర్."

సిస్టర్ గోడ గడియారం చూసింది. "మీ ఊళ్లో పూజ ఎన్నింటికి?"

"సాయంత్రం అయిదింటికి."

"ఏడున్నరకి గుంటూరు బస్సుంది. పద, బట్టలు సర్దుకో. ఉప్మా పొట్లం కట్టిస్తాను."

"మరి రేపు..."

"రేపటి సంగతి నేను చూసుకుంటాను. నువ్వు పదమ్మా."

ఆ తొందరలో వాళ్లిద్దరూ నా మూత వేయడం మరిచిపోయారు. రోజంతా ఒక పిచ్చుక వచ్చి నా మెట్ల మీద నడిచింది. అది ఎంత నడిచినా నేను పలకలేదు.

ఆదివారం బిషప్ గారు వచ్చారు. అయిదు కొత్త పాటలనూ నేను లేకుండానే పాడారు. మూడో పాటలో మగవాళ్లొక దారి, ఆడవాళ్లొక దారి పట్టారు. సిస్టర్ గొరెట్టి చెయ్యి ఊపుతూ చెమటలు కక్కింది. చివర్లో బిషప్ గారు "పాటలు ఎంతో భక్తిగా ఉన్నాయి" అన్నారు. శ్రుతి గురించి ఏమీ అనకపోవడం ఆయన పెద్దరికం.

సోమవారం సాయంత్రం స్కొలాస్తిక వచ్చింది. మిరపకాయల ఘాటు ఆమె చున్నీకి పట్టుకునే ఉంది. సాధన లేదు, పూజ లేదు, గుళ్లో ఎవరూ లేరు. నా ముందు కూర్చుని, పుస్తకం తెరవకుండా, ఒక పాత వరస వాయించింది. మధ్యమధ్య ఆగి, గుర్తు తెచ్చుకుని, మళ్లీ అందుకుంది. ఆ వరస నేనెన్నడూ పలికింది కాదు. అది వాళ్ల నాన్నదో, వాళ్ల పల్లెదో నాకు తెలియదు. దానికి మాటలుంటే ఆమె పాడలేదు. అంతా అయ్యాక కాసేపు నా మూత మీద చెంప ఆనించి కూర్చుని వెళ్లిపోయింది.

ఆ తర్వాత అంతా మారిపోయిందని చెప్పను. క్లాసులో ఆమె నలభై ఒకటిగానే ఉంది. సాధన అయ్యాక పాడేవాళ్ల గుంపు గుంపుగానే వెళ్లింది. సిస్టర్ గొరెట్టి మాత్రం రోజూ గుడి తలుపు దగ్గర ఆగి, "తిన్నావా?" అని అడిగేది. స్కొలాస్తిక ఒక్కోరోజు "లేదు సిస్టర్" అని నిజం చెప్పేది. మరుసటి ఏడు మేలో చదువు ముగించి వెళ్లిపోయింది. ఎక్కడుందో నాకు తెలియదు. వస్తువులకు ఉత్తరాలు రాయరు కదా.

ఇప్పుడు గుడిలో కరెంటుతో పలికే కీబోర్డు ఉంది. నా తిత్తి చిరిగింది, నన్ను సామాన్ల గదిలో పెట్టారు. ఇక్కడ నాకు తోడు క్రిస్మస్ పశువులపాక బొమ్మలు. డిసెంబరులో తలుపు తీసి జోజప్ప గారినీ మరియమ్మ గారినీ బాలయేసునూ కాపరులనూ తుడిచి తీసుకెళతారు. మూడు వారాలు నేనొక్కదాన్నే ఉంటాను. జనవరిలో మళ్లీ తెచ్చి సర్దుతారు. ఈ ఏడు కాలు విరిగిన గొర్రెపిల్లకు ఎక్కడా చోటు దొరక్క దాన్ని నా మూత మీద పడుకోబెట్టారు. పెద్ద బరువేమీ లేదు.