తల్లివేరు లేని మొలకలు

అంట్లు తోముతుంటే బాల్కనీలోంచి ఆయన కేక. "ఏమోయ్, నీ మొక్కలొచ్చేశాయి! త్వరగా రా!"

చేతులు తుడుచుకోకుండానే పరిగెత్తింది. ట్రేలో నాలుగు పైన్ మొలకలు వేలెడెత్తున నిలబడి ఉన్నాయి. నిన్న సాయంత్రం నీళ్లు చల్లినప్పుడు తడిమట్టి తప్ప ఏమీ లేదక్కడ. రాత్రికి రాత్రే ఇంత ఎత్తా? ఎక్కడో తేడా కొట్టింది.

ఆ మాటకొస్తే ఆ పెట్టె ఇంటికొచ్చినప్పుడే తేడా కొట్టింది. పెళ్లాం పుట్టినరోజైనా గుర్తుండని మనిషి, అడక్కుండానే బోన్సాయ్ పెట్టె తెచ్చాడు. అందులో విత్తనాలు, కాస్త మట్టి, బుల్లి కత్తెర. అదీ ఎప్పుడు? పక్క ఊళ్లో తెరుస్తున్న కొత్త ల్యాబుకు ఆమెనే ఇన్‌ఛార్జిగా వెళ్లమని పైవాళ్లు అడిగిన వారంలోనే. ఈ శుక్రవారంలోగా ఔనో కాదో చెప్పాలి. "వెళ్లొద్దని నేనన్నానా?" అన్నాడు, నోట్లో వేలు పెడితే కొరకలేనివాడిలా. "విత్తనాలు వేసి నువ్వెళ్లిపోతే వాటినెవరు చూస్తారని అడుగుతున్నా, అంతే." అత్తగారు వెంటనే అందుకుంది, "మావాడికి నీమీద ఎంత ప్రేమో చూడు! ఇంకో ఆడదైతే కళ్లకద్దుకునేది." ఇద్దరికీ వండి, ఉతికి, ఆరేసి, ఆ పైన ల్యాబుకు పరుగెత్తే మనిషిని ఎవరు చూస్తారో మాత్రం ఇద్దరిలో ఒక్కరూ అడగలేదు.

అయినా వేసింది, పిచ్చిది. ముచ్చటపడి మరీ వేసింది. విత్తనాలను తడిగుడ్డలో చుట్టి కొన్నాళ్లు ఫ్రిజ్‌లో ఉంచాలని పెట్టెమీద రాసుంటే అలాగే ఉంచింది. "ఏంటీ కుళ్లు మూట?" అని అత్తగారు అవతల పారేసింది. పెట్టెలో మిగిలిన నాలుగు గింజలనూ తను తొందరకొద్దీ నేరుగా మట్టిలో గుచ్చేసింది. చలి తగలని గింజ మొలవడం కష్టమని ఆ తర్వాత తెలిసింది. ఆశ వదులుకుంది గానీ నీళ్లు చల్లడం మానలేదు.

ల్యాబులో ఆమె పని, ఒకరి నెత్తురు ఇంకొకరి పేరుమీద పోకుండా చూడడం. మారిన నమూనాను పట్టుకోవడం ఆమెకు కొత్త కాదు. ఆయన స్నానానికి వెళ్లగానే చెంచా కాడతో ఒక మొలకను పైకి లేపింది. దాని వేళ్లకు ఎర్రమట్టి అంటుకుని ఉంది. ట్రేలోది నల్లమట్టి. నర్సరీల్లో బోన్సాయ్ కోసం చేసినట్టు, తల్లివేరును ఎవరో బ్లేడుతో చదునుగా కోసేశారు. కింద తను గుచ్చిన గింజ గుచ్చినట్టే ఉంది. కోపం కంటే ముందు సిగ్గేసింది. ఇంత తేలిగ్గా బోల్తా పడతాననుకున్నాడా!

ఆయన తల తుడుచుకుంటూ వచ్చాడు. "చూశావా? ఇప్పుడెలా వదిలి వెళ్తావ్? ల్యాబ్ వాళ్లకు కుదరదని చెప్పెయ్."

"రాత్రి నర్సరీకి వెళ్లొచ్చారా?"

తువ్వాలు ఆగిపోయింది. "అంటే... నువ్వు దిగులు పడుతున్నావని..."

"మొగుడు మొక్క తెచ్చినా తప్పుపట్టేదాన్ని నిన్నే చూశానమ్మా!" లోపలినుంచి అత్తగారు.

ఆమె మొలకను మళ్లీ మట్టిలో నిలబెట్టి చుట్టూ మెత్తగా నొక్కింది. దాని తప్పేముంది పాపం. చెంబు తీసి ఆయన చేతిలో పెట్టింది.

"నారు పోసినవాడు నీరు పోయకపోతాడా అంటారుగా, పొయ్యండి," అంది. శుక్రవారం దాకా ఆగలేదు. ఆయన ఎదురుగానే ల్యాబుకు ఫోన్ చేసి, వస్తున్నానని చెప్పింది.