జారిందా, విసిరాడా

ఆ కుట్టుశాలలో అందరూ ఆమెను గుండీలక్క అనేవారు. ఎన్ని చేతులు మారిన చొక్కా అయినా ఆఖరికి ఆమె బల్ల మీదికి వచ్చి గుండీలు తగిలించుకుంటేగానీ గడప దాటేది కాదు. పదకొండేళ్ళుగా అదే బల్ల, అదే కుర్చీ. ఆమెకు పని నేర్పింది కటింగ్ మాస్టరు. తన కత్తెర చప్పుడుకు తనే మొహమాటపడే మనిషి.

అలాంటి మాస్టరు ఆ మంగళవారం పొద్దున, గుండీలు కాజాలకు ఎదురుగా పడని చొక్కా ఒకటి ఎత్తి పట్టుకుని, "తలకాయ ఎక్కడ పెట్టి కుడుతున్నావ్?" అని అరిచాడు. ఆమె చూసేలోపే గుండీల రేకు డబ్బా చెవి పక్కనుంచి దూసుకుపోయి గోడకు ఫెడీమని తగిలింది.

మిషన్లన్నీ ఆగాయి. తర్వాత ఒక్కొక్కటే మళ్ళీ మొదలయ్యాయి. ఇద్దరు ఆడవాళ్ళూ, ఇస్త్రీ తాతా వంగి గుండీలు ఏరారు. ఒక్కరూ ఆమె మొహం చూడలేదు. తనే పారబోసినట్టు ఆమె కూడా కూర్చుని ఏరింది.

పది నిమిషాలకు మాస్టరే టీ గ్లాసు తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"చెయ్యి జారిందమ్మా. వేడిగా ఉంది, మెల్లిగా తాగు."

టీ సరిగ్గా ఆమెకు నచ్చేంత తీపిగా ఉంది. అక్కడే వచ్చింది చిక్కు. కోపం తెచ్చుకుందామంటే ఎదురుగా ఆ టీ. మర్చిపోదామంటే చెవిలో ఇంకా హోరు. జారిన డబ్బా కాళ్ళ దగ్గర పడాలిగానీ అంత దూరాన గోడకెందుకు తగులుతుంది? అయినా ఆయన విసరడమేమిటి?

మధ్యాహ్నం ఇస్త్రీ తాతను పక్కకు పిలిచి అడిగింది.

"తాతా, నువ్వు ఎదురుగానే ఉన్నావుగా. మాస్టారు విసిరారా?"

"నా చూపు ఇస్త్రీపెట్టె మీదుంది తల్లీ. దిక్కులు చూస్తే బట్ట మాడిపోదూ?"

కానీ ఆ చప్పుడుకు ముందే తాత కళ్ళు పెద్దవి చేసినట్టు ఆమెకు గుర్తు. నిజంగా గుర్తుందా, ఇప్పుడు కల్పించుకుంటోందా? అదీ తేలలేదు.

సాయంత్రం ఇంట్లో భర్త చేతిలోంచి గిన్నె మూత కిందపడింది. ఆమె రెండు చేతులతో తల కప్పుకుని గోడవారకు చతికిలబడింది.

"అమ్మా, మూతే!" అని కూతురు పకపకా నవ్వింది.

ఆ నవ్వు ఎక్కడ గుచ్చుకుందోగానీ, గుండీలక్క పిల్ల లెక్కల పుస్తకం లాక్కుని చూసి, "తలకాయ ఎక్కడ పెట్టి చేశావ్?" అని కేకేసింది. ఆ గొంతు తనదేనా అనిపించింది. పిల్ల పెన్సిలు కింద పెట్టేసింది.

"ఏమైంది నీకు?" అన్నాడు భర్త.

"ఏం లేదు. చెయ్యి జారింది."

"ఎవరి చెయ్యి?"

అప్పుడు మొత్తం చెప్పింది. అంతా విని అతను, "నీకు తగల్లేదుగా?" అన్నాడు.

"తగల్లేదు."

"మరింకేం?"

ఆమె కిందపడ్డ మూత తీసి గిన్నె మీద పెట్టింది.

తర్వాత రెండు రోజులూ సూది పదేపదే వేలికి గుచ్చుకుంది. శుక్రవారం యజమానురాలు గదిలోకి పిలిచింది. మెడలో టేపుతో మాస్టరు అప్పటికే అక్కడ నిలబడి ఉన్నాడు.

"మొన్న గుండీల డబ్బా తోసేశావట. ఒంట్లో బాగోకపోతే రెండు రోజులు సెలవు తీసుకోవచ్చుగా?"

ఒక్క క్షణం, తన మోచెయ్యి తగిలి డబ్బా దొర్లినట్టే కళ్ళముందు కనిపించింది కూడా. ఊఁ అంటే అయిపోతుంది. కానీ చెవి పక్కన కొట్టిన ఆ గాలి?

"నేను తోయలేదండీ. మాస్టారు విసిరారు."

"నేనా?" అన్నాడు మాస్టరు. ఆ ఆశ్చర్యంలో నటన కనిపించలేదు. ఆమెకు అన్నిటికన్నా ఎక్కువ భయం వేసింది అక్కడే.

యజమానురాలు మిగతావాళ్ళను పిలిచింది. ఆడవాళ్ళిద్దరూ చప్పుడు మాత్రమే విన్నామన్నారు. ఇస్త్రీ తాత నేల చూస్తూ చెప్పాడు.

"విసిరాడమ్మా. నేను చూశాను. మొన్న ఈ పిల్ల అడిగితే చూళ్ళేదన్నాను."

మాస్టరు గోడకు ఆనుకున్నాడు. "పొద్దున్నుంచీ తల పగిలిపోతోంది ఆరోజు... నాకేమైందో నాకే తెలీదమ్మా," అన్నాడు. యజమానురాలు అతన్ని ఇక మిషన్ల దగ్గరికి రావద్దని, గోదాములో పని చూసుకొమ్మని చెప్పింది. అతను వెళ్తుంటే గుండీలక్కకు కళ్ళనీళ్ళు తిరిగాయి. అవి ఎవరికోసమో ఆమెకే అంతుచిక్కలేదు.

ఇంటికెళ్ళి కూతుర్ని దగ్గరికి తీసుకుని, "మొన్న నీమీద అరిచాను. తప్పు నాదే," అంది.

"అయితే మాస్టారు చెడ్డవాడా అమ్మా?"

"తెలీదే. విసిరాడు, అంతవరకూ తెలుసు."

మర్నాడు భోజనాలవేళ ఆడవాళ్ళు వేరే బెంచీకి వెళ్ళి కూర్చున్నారు. ఇస్త్రీ తాత తన డబ్బా పట్టుకుని వచ్చి, "ఇక్కడ కూర్చోనా తల్లీ?" అన్నాడు. నిజం చెప్పినందుకు మెచ్చుకోవాలో, మూడు రోజులు దాచినందుకు కడిగెయ్యాలో ఆమెకు పాలుపోలేదు. కూర్చోమనలేదు, వద్దనలేదు. తాత బెంచీ చివర కూర్చుని తినడం మొదలుపెట్టాడు.