నూట నలభై అడుగులు

నేను ఒక టేపును. దర్జీలు మెడలో వేసుకునే జాతి కాదు, బోరుబావిలోకి దిగే జాతి. నా పొడవు మూడు వందల అడుగులు. నా కొసనున్న గుండు నీళ్ళకు తగిలితే పైనున్న పెట్టె కుయ్‌మంటుంది. తగలకపోతే ఊరుకుంటుంది. ఫ్యాక్టరీలో నాకు నేర్పిన విద్య అంతే.

భూగర్భజలాల పథకం వాళ్ళు నన్ను అనంతపురం వైపు ఒక మెట్టపల్లెకు తెచ్చి మారెక్క చేతికిచ్చారు. ఆమె ఏడో తరగతి చదివింది, ఎవరికీ భయపడదు. ఊళ్ళో పదకొండు బోర్లు. పదిహేను రోజులకోసారి అన్నింట్లోకీ నన్ను దింపి, నీళ్ళు ఎన్ని అడుగుల లోతున ఉన్నాయో బడి గోడ మీద రాయడం ఆమె పని. మొదటి రోజు నాకు కుంకుమ పెట్టి టెంకాయ కొట్టారు. ఏడాది తిరిగేసరికి, "ఈ టేపు దిగినప్పటి నుంచే నీళ్ళు దిగిపోతాండాయి" అన్నారు. మూడు నెలల వాన రెండు రోజుల్లో కురిసి వంకల పాలవుతోందని గానీ, కరెంటు ఉన్నంతసేపూ మోటార్లు తిరుగుతూనే ఉన్నాయని గానీ ఎవరికీ అనుమానం రాలేదు.

సుంకన్న అనే రైతు అయితే తన బోరు మూతే తీయనన్నాడు. "ఇంట్లో గింజలెన్ని ఉండాయో ఊరందరికీ చెప్తామా అక్కా?"

"గింజలు నీవి. భూమిలో నీళ్ళు నీ ఒక్కనివేనా?" అని మారెక్క మూత తీయించింది. నాకు గర్వంగా అనిపించింది.

ఉగాది దాటాక ఆమె ఒక్క బోరు దగ్గర మాత్రం ఆగడం మానేసింది. అది ఆమె సొంత బోరు. దాని కింద అరవై చీనీ చెట్లు, అంటే బత్తాయిలు. భర్త చనిపోయిన ఏడాది తనే నాటి, బిందెలతో నీళ్ళు మోసి బతికించుకున్నవి. ఆకులు పసుపెక్కుతుంటే తెగులు అనేది. గోడ మీద ప్రతిసారీ పాత అంకే, నూట నలభై, రాసేది. నాకు కోపం వచ్చింది. జాలి కూడా వేసింది.

శ్రావణంలో వాన మొహం చాటేసింది. వేరుశనగ ఊడలు భూమిలోకి దిగే వేళ, తడి లేకపోతే కాయ పట్టదు. ఊరంతా బడి దగ్గర కూర్చుని, ఈసారి ఎవరూ వరి వేయకూడదనీ, నీళ్ళున్న బోర్ల నుంచి పైపులేసి అందరి చేలకూ ఒక్కో తడి ఇవ్వాలనీ తీర్మానించారు. గోడ మీది నూట నలభై చూసి, మారెక్క బోరు నుంచి నాలుగు చేలకు తడి ఇవ్వాలని రాశారు.

ఆమె లేచింది. "ఆ అంకె అబద్ధం. ఉగాది నుంచి మా బోరు కొలవల్యా. భయమైంది."

అందరూ ఆమె వెంట నడిచారు. నన్ను దింపారు. నూట నలభై దాటింది. రెండు వందలు. రెండు వందల యాభై. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి అబద్ధమాడని నాకు ఆ రోజు ఒక్కసారి ఉత్తినే కుయ్‌మనాలనిపించింది. చేతకాలేదు. మూడు వందల అడుగులూ అయిపోయాయి.

సుంకన్న తల గోక్కున్నాడు. "ఆ నాలుగు చేలూ నా బోరుకు రాయండి. వరి ఎట్లాగూ ఎయ్యడంల్యా. అక్కా, నీ చెట్లకూ పైపేస్తా. అరవైకీ చాలవు, ముప్పైకైతే సరి. యా ముప్పై అనేది నువ్వే చూస్కో."

మారెక్క నన్ను చుట్టి భుజానికి తగిలించుకుని తోటలోకి వెళ్ళింది. మొదటి చెట్టు మీద చెయ్యి వేసి, "నువ్వుండు" అంది. రెండో చెట్టు దగ్గర చాలాసేపు నిలబడింది. దాని మీద చెయ్యి వేయకుండానే మూడోదాని దగ్గరికి నడిచింది.