గడప బండ తడి

భీమక్క ఆ ఉదయం ఎర్రబత్తి కింది గుండీని నాలుగుసార్లు నొక్కింది. ఆ సంగతి ఆమెకు తప్ప ఊళ్లో ఎవరికీ తెలియదు.

దమ్మపేట దాటాక అడవి అంచున ఉన్న ఆ ఊరి మంచినీళ్ల ట్యాంకుకు కాపలా ఆమెదే. ట్యాంకు గదిలో ఒక కంప్యూటర్ డబ్బా ఉంది. కరెంటు పోయి వచ్చి డబ్బా మేలుకున్నప్పుడల్లా ఒక్కసారి క్లోరిన్ మందు వదలాలి. ఆపైన వేళకొక పని. అవన్నీ దానికి నేర్పింది కొత్తగూడెం పిల్ల వనజ. డబ్బా మేలుకునే ఉన్నా లోపలి ప్రోగ్రాం ఒక్కోసారి ఆగిపోతుంది. అప్పుడు ఎర్రబత్తి వెలుగుతుంది. గుండీ నొక్కి కాసేపు ఆగితే ప్రోగ్రాం మళ్లీ మొదలవుతుంది.

ఆగడం భీమక్క వల్ల కాలేదు. బత్తి ఆరలేదని మళ్లీ నొక్కింది, మళ్లీ నొక్కింది.

మధ్యాహ్నానికి ఆ నీళ్లు తాగిన పిల్లలకు కళ్లు మండి వాంతులయ్యాయి. ట్యాంకు నీళ్లన్నీ వదిలేశారు. రెండు రోజులు ఆడవాళ్లు ఎండలో వాగు దాకా బిందెలు మోశారు. భీమక్కా మోసింది, ఎవరి మొహమూ చూడకుండా.

మూడో రోజు సూపర్‌వైజర్ మురళీకృష్ణ వనజను వెంటబెట్టుకుని వచ్చాడు.

"డబ్బాకు మతిమరుపా, నీకా?" అని వనజను అడిగాడు. "ఒక్కసారి పొయ్యమంటే నాలుగుసార్లు పోసింది."

"ఎందుకో తెలుస్తలేదు సార్. కరెంటైతే పోలే."

"అవ్వా, నువ్వేమన్న ముట్టినవా?"

"నేనేం ముట్టలే సారూ," అంది భీమక్క. మాట తనకంటే ముందే నోరు దాటింది.

"ఇగ నువ్వు రానక్కర్లేదమ్మా," అన్నాడతను వనజతో.

వనజ సంచి భుజాన వేసుకుని రోడ్డు మీదికి వెళ్లింది. భీమక్క గుమ్మంలోనే నిలబడింది. ఇరవై ఏళ్ల కింద చేయని తప్పుకు మాట పడి కోడలు సుజాత వెళ్లిపోతుంటే కూడా ఇలాగే నిలబడింది. నిజం తెలిసీ పెదవి విప్పలేదు. ఆ తర్వాతే, ఏ బస్సు ఎవరిని ఎటు తీసుకుపోతుందో తెలియాలని, బోర్డులు చూసి చూసి తనంతట తానే అక్షరాలు నేర్చుకుంది. ఇప్పుడు మలుపులో బస్సు కనబడింది. కొత్తగూడెం.

ఆమె పరుగెత్తింది.

"బిడ్డా! గుండీ నేనే నొక్కిన. నాలుగుసార్లు."

వనజ మొహం ఎర్రబడింది. "అప్పుడే చెప్తే ఏం పోయేది పెద్దమ్మా?"

"భయమైంది."

బస్సు వచ్చి ఆగింది. వనజ ఎక్కలేదు. "అయినా నువ్వు నొక్కితే ప్రోగ్రామే కదా మొదలయ్యేది, డబ్బా కాదు. అది మందెందుకు వదలాలె? రెండింటికీ తేడా నేనే చెప్పలే దానికి."

"బయటికెల్లి వస్తే కాళ్లు కడుగుతం," అంది భీమక్క రొప్పుతూ. "లోపలి అర్రల కునుకు తీసి లేస్తే గడప కాడికి పోయి కడుగుతమా?"

"కడిగినట్టు దానికెట్ల యాదుంటది?"

"గడప బండ తడి ఉంటది గద. తడి ఉంటే కడిగినట్టు. ఎండితే కడగాలె."

వనజ భుజాన ఉన్న సంచి కిందికి దించింది. "కరెంటు పోతే దానంతటదే చెరిగిపోయే గుర్తు..." అని గొణుక్కుంది. కండక్టర్ విసుక్కుని రైట్ అన్నాడు.

వెనకే వచ్చిన మురళీకృష్ణ అంతా విన్నాడు. "అయితే ఆమె కాదు, నువ్వు పోవాలె అవ్వా."

"పోత సారూ."

సాయంత్రానికి వనజ డబ్బా సరిచేసి, వెళ్లిపోబోతున్న భీమక్కను లోపలికి పిలిచింది. "కరెంటు తీసి మళ్లీ పెట్టిన. ఒకసారి మందు పడ్డది. ఇప్పుడు గుండీ నొక్కు పెద్దమ్మా."

భీమక్క చేయి వెనక్కి తీసుకుంది.

"నువ్వే నొక్కాలె."

కళ్లు మూసుకుని నొక్కింది. మందు గొట్టం చప్పుడు కోసం చెవులు రిక్కించింది. ఏ చప్పుడూ లేదు.

"ఇంకోసారి," అంది వనజ.